ఎప్పుడూ ముందు వరుసలోనే నిలబడే అమ్మాయి: టర్నర్ సిండ్రోమ్‌ను త్వరగా గుర్తిస్తే ఏం మారుతుంది?

బళ్లో ప్రార్థనకు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు. ఒకటో తరగతిలో అందరికంటే ముందు నిలబడ్డ అమ్మాయి ఐదో తరగతిలోనూ ముందే, ఎనిమిదిలోనూ ముందే. ఇంట్లో ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "అంతా వాళ్ల నాయనమ్మ పోలిక." "మా వైపు అందరం పొట్టే." "పెద్దమనిషి అయ్యాక ఒక్కసారిగా సాగుతుందిలే." ఏళ్లు గడుస్తాయి. తోటి పిల్లలకు ఓణీల వేడుకలు జరిగిపోతాయి. ఈ అమ్మాయి మాత్రం ఇంకా పెద్దమనిషి కాదు. పదహారో పదిహేడో వచ్చాక, చుట్టాల ప్రశ్నలు తట్టుకోలేక తల్లి లేడీ డాక్టరు దగ్గరికి తీసుకువెళుతుంది. ఒక రక్త పరీక్ష రాస్తారు. రెండు మూడు వారాలకు వచ్చిన కాగితం మీద 'టర్నర్ సిండ్రోమ్' అని ఉంటుంది.

అప్పటికి ఎత్తు పెంచే మందుకు సమయం దాదాపు మించిపోయి ఉంటుంది. గుండెను ఒక్కసారి కూడా పరీక్షించి ఉండరు. చిన్నప్పటి నుంచి తెలియాల్సిన విషయం ఆ అమ్మాయికి ఒక్క రోజులో, అదీ పెళ్లి మాటల మధ్య తెలుస్తుంది.

ఇది అంత అరుదైన సంగతి కాదు. పుట్టే ఆడపిల్లల్లో రమారమి 2,000 నుంచి 2,500 మందికి ఒకరికి టర్నర్ సిండ్రోమ్ ఉంటుంది. జనమందరి వివరాలూ రిజిస్టర్లలో ఉండే డెన్మార్క్‌లో కూడా ఈ స్థితి బయటపడే వయసు సుమారు 15 ఏళ్లని 2006లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆలస్యం మన ఒక్కరిదే కాదు. కానీ దాన్ని తగ్గించడం చాలావరకు ఇంట్లో వాళ్ల చేతిలోనే ఉంది. దానికి కావలసినవి ఒక గోడ, ఒక టేపు, కొంచెం సమాచారం.

అసలు ఏం జరుగుతుంది?

మన ఒంట్లో ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. వాటిలో రెండు లింగ క్రోమోజోములు. ఆడవాళ్లకు సాధారణంగా రెండు ఎక్స్‌లు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. టర్నర్ ఉన్న అమ్మాయిలో ఒక ఎక్స్ మామూలుగానే ఉంటుంది. రెండోది పూర్తిగా లేకపోవచ్చు, లేదా దానిలో కొంత ముక్క పోయి ఉండవచ్చు. పూర్తిగా లేకపోతే రిపోర్టులో '45,ఎక్స్' అని రాస్తారు. దాదాపు సగం మందిలో ఇదే కనబడుతుంది. కొందరిలో కొన్ని కణాలకు ఒకే ఎక్స్, మిగతా కణాలకు రెండూ ఉంటాయి. దీన్ని మొజాయిక్ అంటారు. ఇలాంటివారిలో లక్షణాలు తేలికగా ఉండే అవకాశం ఉంది, అయితే అందరిలోనూ అలాగే ఉంటుందని చెప్పలేం.

రెండు ఎక్స్‌లు ఉన్నవాళ్లలో కూడా ప్రతి కణంలో ఒక ఎక్స్ నిద్రపోతూ ఉంటుందని బ్రిటన్ శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో చెప్పారు. మరి నిద్రపోయేది లేకపోతే నష్టమేమిటి? ఆ నిద్రపోయే ఎక్స్‌లో కూడా కొన్ని జన్యువులు మేలుకునే ఉంటాయి. వాటి పని రెండు మోతాదుల్లో జరగాలి. అలాంటి వాటిలో ఒకటి షాక్స్ అనే జన్యువు. ఎముకలు పొడవు పెరగడంలో దాని పాత్ర ఉందని 1997లో తెలిసింది. టర్నర్ ఉన్నవారిలో అది ఒక్కటే పని చేస్తుంది గనుక ఎత్తు తగ్గుతుంది. అండాశయాల్లో గుడ్లు కూడా తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ, చిన్నతనంలోనూ వేగంగా తరిగిపోతాయి. పెద్దమనిషి కాకపోవడానికి కారణం అది.

ఒక సందేహం చాలా ఇళ్లలో పైకి రాకుండా తిరుగుతుంటుంది: "అంటే మా పిల్ల పూర్తిగా ఆడపిల్ల కాదా?" టర్నర్ ఉన్న అమ్మాయి అమ్మాయే. గర్భసంచి ఉంటుంది, మందులతో నెలసరి వస్తుంది. ఒక క్రోమోజోము తక్కువైనంత మాత్రాన ఆడతనం తక్కువ కాదు.

తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు

రిపోర్టు వచ్చిన రోజు నుంచే ఇంట్లో వెతుకులాట మొదలవుతుంది. గ్రహణం రోజు బయటికి వెళ్లిందని ఒకరు, మేనరికం చేసుకున్నందుకని ఇంకొకరు, లేటు వయసులో కన్నదని మరొకరు. వీటిలో ఏదీ కారణం కాదు.

మేనరికం వల్ల కొన్ని వంశపారంపర్య జబ్బుల అవకాశం పెరుగుతుంది, అది నిజం. టర్నర్ ఆ జాతి జబ్బు కాదు. బీజకణం తయారయ్యేటప్పుడో, పిండం మొదటి రోజుల్లో కణాలు విడిపోయేటప్పుడో ఒక క్రోమోజోము జారిపోవడం వల్ల ఇది వస్తుంది. అది కాకతాళీయం. డౌన్ సిండ్రోమ్‌లో తల్లి వయసు పెరిగితే ముప్పు పెరుగుతుంది, టర్నర్‌లో అలాంటి సంబంధం లేదు. మామూలుగా తర్వాతి బిడ్డకు మళ్లీ వస్తుందన్న భయం కూడా అక్కర్లేదు. ఒకవేళ తల్లిదండ్రుల్లో ఒకరి క్రోమోజోముల అమరికలో తేడా ఉందేమో చూడాలంటే డాక్టరే ఆ మాట చెబుతారు.

అత్తవారింట కోడల్ని నిందించేవారికి ఇంకో మాట చెప్పాలి. 45,ఎక్స్ ఉన్న అమ్మాయిల్లో ఎక్కువమందికి మిగిలిన ఎక్స్ తల్లి ఇచ్చినదే. లేనిది తండ్రి వైపు నుంచి రావలసినది. ఇది తండ్రిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆయన చేతిలోనూ ఏమీ లేదు. తల్లి మీద మాత్రం నింద వేయవద్దని.

ఇలాంటి పిండాల్లో వందకు 99 వరకు గర్భంలోనే నిలవవు. నిలిచి, పుట్టి, మన ఇంట్లో తిరుగుతున్న పాప ఆ ఒక్క శాతంలోది.

వైద్యులకు ఎప్పుడు తెలిసింది?

మెడ పక్కల చర్మం మడతగా ఉండి, ఎత్తు పెరగని ఒక పాప గురించి జర్మనీ పిల్లల డాక్టరు ఒట్టో ఉల్‌రిచ్ 1930లో రాశారు. అమెరికాలోని ఓక్లహోమాలో హెన్రీ టర్నర్ 1938లో ఇలాంటి లక్షణాలే ఉన్న ఏడుగురి గురించి రాశారు. పేరు ఆయనది నిలిచింది. కారణం మాత్రం ఇద్దరికీ తెలియదు. మనిషి కణంలో క్రోమోజోములు 46 అని 1956లో గానీ తేలలేదు. ఆ తర్వాత మూడేళ్లకు, 1959లో, ఇంగ్లండ్‌లో చార్లెస్ ఫోర్డ్, ఆయన సహచరులు టర్నర్ లక్షణాలున్న 14 ఏళ్ల అమ్మాయి కణాలను చూసి 45 క్రోమోజోములే ఉన్నాయని లెక్కపెట్టారు.

అప్పటి నుంచి వైద్యం చాలా మారింది. వివిధ దేశాల నిపుణులు కలిసి 2016లో అమెరికాలోని సిన్సినాటిలో సమావేశమై తయారు చేసిన మార్గదర్శకాలు 2017లో వెలువడ్డాయి. వాటినే సవరించి 2024లో మళ్లీ ప్రచురించారు. ఏ వయసులో ఏ పరీక్ష, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది వాటిలో వివరంగా ఉంది. కింద చెప్పే విషయాలు ఆ దారిలోనివే.

గుర్తులు ఎలా ఉంటాయి?

పుట్టినప్పుడు: చేతులు, పాదాల పైభాగం ఉబ్బి ఉండటం. మెడ వెనక చర్మం వదులుగా ఉండటం.

పెరిగేటప్పుడు: ఎత్తు తక్కువ. మెడ పొట్టిగా, వెనక జుట్టు కిందివరకు దిగి ఉండటం. అంగిలి లోతుగా ఉండటం. చేతులు చాచినప్పుడు మోచేతుల దగ్గర బయటికి వంగి కనబడటం. ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కువగా ఉండటం. నాలుగో వేలు కణుపు లోపలికి కుదించుకుపోయినట్టు ఉండటం. పదేపదే చెవిలో చీము కారడం.

పదమూడేళ్లు దాటినా రొమ్ముల ఎదుగుదల మొదలుకాకపోవడం.

ఇవన్నీ ఒకే అమ్మాయిలో కనబడవు. కొందరిలో ఎత్తు తక్కువ తప్ప బయటికి ఇంకేమీ ఉండదు. అందుకే కారణం తెలియకుండా పొట్టిగా ఉన్న ప్రతి ఆడపిల్లకూ క్రోమోజోము పరీక్ష చేయాలని నిపుణులు చెబుతారు.

"మా ఇంట్లో అందరం పొట్టే" అన్నది లెక్కగట్టి చూడండి

తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు సెంటీమీటర్లలో కలపండి. అందులోంచి 13 తీసేయండి. వచ్చినదాన్ని సగం చేయండి. కూతురు పెద్దయ్యాక దగ్గరదగ్గరగా ఆ ఎత్తుకు వస్తుందని అంచనా. తండ్రి 168, తల్లి 155 అనుకుందాం. రెండూ కలిపితే 323. 13 తీసేస్తే 310. సగం 155. అంటే ఈ అమ్మాయి కొంచెం అటూఇటుగా 155 సెంటీమీటర్లకు చేరాలి. ఆమె పెరిగే తీరు అంతకంటే బాగా కింద ఉంటే పోలిక అనే మాటతో సరిపెట్టుకోకూడదు.

రెండోది ఏటేటా కొలత. చెప్పుల్లేకుండా మడమలు, వీపు గోడకు ఆనేలా నిలబెట్టి, తల మీద అట్ట అడ్డంగా పెట్టి గీత గీయండి. పక్కన తేదీ రాయండి. ఆరు నెలలకోసారి చాలు. నాలుగేళ్ల నుంచి పెద్దమనిషి అయ్యేదాకా పిల్లలు ఏడాదికి దాదాపు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. 5 కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించండి. గోడ మీద గీతలున్న ఫోటో కూడా తీసుకువెళ్లండి.

డాక్టరు ఆ కొలతల్ని చార్టు మీద పెట్టి చూస్తారు. ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు, ఆపై వయసుకు 2015లో భారత పిల్లల వైద్యుల సంఘం తయారు చేసిన చార్టు వాడతారు. "చార్టులో మా పాప ఏ గీత మీద ఉంది?" అని అడగడం మీ హక్కు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బళ్లకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాన్ని కూడా ఇదే అడగవచ్చు. 2013 నుంచి ఇది దేశమంతటా ఉంది. అవసరమైతే వాళ్లే జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు.

పరీక్ష పేరు: కేరియోటైప్

బళ్లారి అయినా, బరంపురం అయినా, సోలాపూర్ అయినా ఈ పేరు మారదు. కొద్దిగా రక్తం తీసి, తెల్లకణాలను ల్యాబులో మూడు రోజుల దాకా పెంచి, మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెడతారు. రిపోర్టుకు వారాలు పట్టడం మామూలే. మొజాయిక్ రకం తప్పిపోకుండా కనీసం 30 కణాలు చూడాలి. రిపోర్టులో ఎన్ని కణాలు చూశారో రాసి ఉంటుంది, గమనించండి.

కొంతమంది అమ్మాయిల్లో వై క్రోమోజోము ముక్క కూడా కనబడుతుంది. వినగానే కంగారు పడతారు. ఆమె ఆడపిల్ల అన్నదానిలో దీనివల్ల తేడా రాదు. అయితే ఇలాంటప్పుడు పనిచేయని అండాశయాల్లో గడ్డ ఏర్పడే ముప్పు ఉంటుంది. వాటిని చిన్న ఆపరేషన్‌తో తీసేయాలా అన్నది నిపుణులు మీతో మాట్లాడి నిర్ణయిస్తారు.

ఎత్తు కంటే ముందు గుండె

టర్నర్ అనగానే అందరి దృష్టీ ఎత్తు మీదా, నెలసరి మీదా పడుతుంది. ప్రాణానికి సంబంధించింది మాత్రం గుండె. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని మహాధమని అంటారు. దాని మొదట్లో ఉండే కవాటానికి మూడు రేకులుండాలి. టర్నర్ ఉన్నవారిలో 15 నుంచి 30 శాతం మందికి రెండే రేకులుంటాయి. కొందరిలో మహాధమని ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. పెద్దయ్యాక ఆ నాళం సాగి, చీలే ప్రమాదం మామూలు వాళ్లకన్నా ఎక్కువ.

కాబట్టి రిపోర్టు వచ్చిన వెంటనే, ఏ వయసైనా సరే, పాపకు ఏ బాధా లేకపోయినా సరే, ఎకో పరీక్ష చేయించాలి. చేతిలోనూ కాలిలోనూ రక్తపోటు చూడాలి. కాస్త పెద్దయ్యాక ఎంఆర్‌ఐ కూడా రాస్తారు. ఎకో బాగుందని వదిలేయకుండా డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చేయించాలి. మహాధమని వెడల్పును అమ్మాయి శరీర పరిమాణంతో పోల్చి చూడాలి. మామూలు మనిషికి సరిపోయే వెడల్పు పొట్టిగా ఉన్న అమ్మాయికి ఎక్కువ కావచ్చు. ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే గ్యాసు అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే "టర్నర్ ఉంది" అని చెప్పాలి.

గుండెతోపాటు కిడ్నీల స్కానింగ్ ఒకసారి. రెండు కిడ్నీలు కింద అతుక్కుని గుర్రపు నాడాలా ఉండటం కొందరిలో కనబడుతుంది. చాలామందికి దానివల్ల ఇబ్బంది ఉండదు, కానీ తెలిసి ఉండాలి. ఏటా థైరాయిడ్ పరీక్ష. వినికిడి పరీక్ష కొన్నేళ్లకోసారి, ఎందుకంటే చెవుడు మెల్లగా వచ్చి అమ్మాయి 'మాట వినడం లేదు' అనిపించుకుంటుంది. పెద్దయ్యాక షుగరు, ఎముకల బలం కూడా చూస్తుండాలి.

ఎత్తు పెంచే సూది

వైద్యం లేకపోతే టర్నర్ ఉన్న స్త్రీల ఎత్తు సగటున తమ సమాజంలోని మిగతా ఆడవాళ్లకంటే సుమారు 20 సెంటీమీటర్లు తక్కువగా ఉంటుంది. దీనికి గ్రోత్ హార్మోను ఇస్తారు. అమెరికా ప్రభుత్వం టర్నర్‌కు దీన్ని 1996లో అనుమతించింది. ఇది స్టెరాయిడ్ కాదు. మన శరీరంలో తయారయ్యే హార్మోనునే ల్యాబులో తయారు చేస్తారు.

కెనడాలో కొందరు అమ్మాయిలకు ఈ మందు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పెరుగుదల ముగిసేదాకా చూశారు. 2005లో వచ్చిన ఫలితాల ప్రకారం మందు తీసుకున్నవారు సగటున 7 సెంటీమీటర్లు ఎక్కువ పెరిగారు. అమెరికాలో 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు 88 మంది పాపలతో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. రెండేళ్లలో మందు తీసుకున్న పాపలు తోటివారి ఎత్తుకు దగ్గరయ్యారు. తీసుకోనివారు ఇంకా వెనకబడ్డారు. అందువల్ల ఎదుగుదల తగ్గినట్టు కనబడగానే, వీలైతే నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మొదలుపెట్టమంటారు. ఎముకల చివర్లు అతుక్కుపోయాక ఈ మందు పనిచేయదు. పదహారేళ్లకు రిపోర్టు చేతికి వచ్చిన అమ్మాయి పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

రోజూ రాత్రి తొడ మీదో పొట్ట మీదో చర్మం కింద సన్నటి సూదితో ఇవ్వాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి అమ్మాయి పెరిగేకొద్దీ పెంచాలి. మందును ఫ్రిజ్‌లో ఉంచాలి, కానీ గడ్డకట్టకూడదు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఐసు డబ్బాలో పెట్టుకువెళ్లడం, ఊళ్లో ఫ్రిజ్ ఎవరింట్లో ఉందో ముందే చూసుకోవడం, ఇలాంటి చిన్న ఏర్పాట్ల మీదే ఏళ్ల తరబడి సాగే ఈ వైద్యం నిలబడుతుంది.

పెద్దమనిషి కావడం

దాదాపు మూడో వంతు మంది అమ్మాయిల్లో యవ్వన మార్పులు కొంతవరకు వాటంతట అవే మొదలవుతాయి. మిగతావాళ్లకు 11, 12 ఏళ్ల మధ్య ఈస్ట్రోజన్ మొదలుపెడతారు. మాత్రలు, చర్మం మీద అంటించే పట్టీలు, జెల్ రూపంలో దొరుకుతుంది. చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి రెండు మూడేళ్లలో మెల్లగా పెంచుతారు. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ కలుపుతారు, నెలసరి వస్తుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. "నెలసరి వచ్చిందనిపిస్తే చాలు" అని నేరుగా పెద్ద మోతాదు ఇస్తే ఎముకలు త్వరగా అతుక్కుపోయి ఎత్తు ఆగిపోతుంది, రొమ్ముల ఎదుగుదలా సరిగా ఉండదు. గర్భనిరోధక మాత్రలతో మొదలుపెట్టడం సరైన పద్ధతి కాదు. ఇంకొకటి, పెళ్లయ్యాక ఈ మందు మానేయకూడదు. ఈస్ట్రోజన్ నెలసరికే కాదు, ఎముకలకూ రక్తనాళాలకూ కావాలి. మామూలుగా ముట్లుడిగే వయసుదాకా కొనసాగించాలి.

చదువులో

టర్నర్ ఉన్న అమ్మాయిల తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. చదవడం, మాట్లాడటం చాలామందికి బాగా వస్తుంది. లెక్కలు, పటాలు, బొమ్మల్లో దిక్కులు పోల్చుకోవడం, ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించడం కొందరికి కష్టం. టీచరుకు ఈ సంగతి చెబితే, "మాటలకేం తక్కువ లేదు, లెక్కల్లో బద్ధకం" అన్న మాట తప్పుతుంది. లెక్కల పరీక్షకు కొంచెం ఎక్కువ సమయం, విడిగా నేర్పడం సాయపడతాయి.

పెళ్లి, పిల్లలు

చాలామందికి సహజంగా గర్భం రాదు. కొద్దిమందికి, ముఖ్యంగా మొజాయిక్ ఉన్నవారికి వస్తుంది. దాత ఇచ్చిన అండంతో గర్భం ధరించిన స్త్రీలున్నారు. దత్తత తీసుకున్నవారూ ఉన్నారు. అయితే ఏ పద్ధతిలోనైనా గర్భం మోయాలనుకుంటే ముందే గుండె డాక్టరు అనుమతి తప్పనిసరి. గర్భంలో మహాధమని మీద ఒత్తిడి పెరిగి చీలే ప్రమాదం ఉంది. మహాధమని సాగి ఉన్నవారికి గర్భం వద్దనే చెబుతారు.

సంబంధం కుదిర్చేటప్పుడు ఏం చేయాలన్నది ప్రతి కుటుంబానికీ కష్టమైన ప్రశ్నే. దాచి పెళ్లి చేస్తే ఆ భారం అమ్మాయి మోయాలి. ప్రతి నెలా మందు దాచుకు మింగాలి, పిల్లల్లేరన్న మాట పడాలి. అన్నిటికన్నా గుండె సంగతి తెలియని అత్తవారింట గర్భానికి ప్రయత్నం జరిగితే అది ప్రాణం మీదికి రావచ్చు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నది ఎదిగిన అమ్మాయే నిర్ణయించాలి. చెప్పే ధైర్యం ఇవ్వడం పెద్దల పని.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు ఎలా?

మొదటి మెట్టు దగ్గరి వైద్య కళాశాలలోని పిల్లల విభాగం. బరంపురం, బళ్లారి, సోలాపూర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి నుంచి హార్మోన్ల నిపుణులు, జన్యు నిపుణులు ఉన్నచోటికి రాసిస్తారు. హోసూరు, కృష్ణగిరి వాళ్లకు బెంగళూరు దగ్గర. తమిళనాడు ఉత్తర జిల్లాల వారికి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉంది. రాయగడ, కొరాపుట్ వాళ్లు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. యానాం వారికి మొదటి పరీక్షలకు పక్కనే ఉన్న కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి సులువు.

డబ్బు విషయంలో సరిహద్దు తెలుగువారికి ఒక చిక్కుంది. రాష్ట్ర ఆరోగ్య పథకాలు సాధారణంగా రేషన్ కార్డు ఉన్న రాష్ట్రానికే వర్తిస్తాయి. హైదరాబాద్‌లో చుట్టాలున్నారని వెళ్లినా అక్కడి కార్డు మనకు ఉండదు. కేంద్ర ప్రభుత్వ పథకానికి ఈ ఇబ్బంది లేదు. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో టర్నర్‌కు గ్రోత్ హార్మోను వైద్యం రెండో జాబితాలో ఉంది. గుర్తించిన ప్రత్యేక కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయానికి 2022లో వీలు కల్పించారు. ఆ కేంద్రాల్లో మనకు దగ్గరగా ఉన్నవాటిలో కొన్ని: హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది, బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి కలిసి నడిపేది, ముంబయిలో కేఈఎం ఆసుపత్రి. ఏ రాష్ట్రం వారైనా దగ్గరి కేంద్రంలో పేరు నమోదు చేసుకోవచ్చు. పేరు ఎక్కించగానే మందు చేతికి రాదు. కమిటీ పరిశీలిస్తుంది, నిధులూ చూస్తారు. అందుకే రిపోర్టు వచ్చిన వెంటనే ఆలస్యం చేయకుండా అడగాలి. గ్రోత్ హార్మోను కొనే స్తోమత లేకపోయినా ఎకో, థైరాయిడ్ పరీక్ష, ఈస్ట్రోజన్ వంటివి అంత ఖరీదైనవి కావు. వాటిని మాత్రం వదలకూడదు.

అమ్మాయికి మన భాషలో చెప్పడం

మనలో చాలామందికి బయటి భాష బాగానే వస్తుంది. డాక్టరుతో కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో మాట్లాడేస్తాం. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. కానీ ఇంటికొచ్చాక అమ్మాయి పక్కన కూర్చుని తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి మాటలు దొరకవు. దొరకక చాలామంది చెప్పడమే మానేస్తారు. కొన్ని ఇళ్లలో ఇంకో రకం. పెద్దవాళ్లకు బయటి భాష అంతగా రాక, డాక్టరు మాటలు అమ్మాయే అమ్మకు తర్జుమా చేస్తుంది. తన జబ్బు సంగతి తానే మొదట విని, తల్లికి తానే చెప్పాల్సి రావడం ఏ పిల్లకూ మంచిది కాదు. అలాంటప్పుడు మేనమామనో పిన్నినో వెంట తీసుకువెళ్లండి.

ఒకేసారి అంతా చెప్పాల్సిన పని లేదు. ఆరేళ్ల పాపకు ఇంత చాలు: "నీ ఒళ్లు పొడుగవడానికి ఒక మందు కావాలి తల్లీ. అది నీలో కొంచెం తక్కువగా ఉంది. అందుకే ఈ సూది." పదేళ్లప్పుడు పేరు చెప్పవచ్చు: "దీన్ని టర్నర్ అంటారు. నువ్వు పుట్టకముందే జరిగింది. నీ తప్పు కాదు, మా తప్పూ కాదు." పెద్దమనిషి కావడానికి మందు మొదలుపెట్టేటప్పుడు, "మీ స్నేహితురాళ్ల ఒంట్లో ఆ మందు దానంతట అదే తయారవుతుంది. నీకు మనం బయటి నుంచి ఇస్తున్నాం" అనండి. పిల్లల సంగతి కూడా పదిహేను, పదహారు వచ్చేలోగా తెలియాలి. తెలిసిన డాక్టరు ముందు చెప్పడం ఇంకా మంచిది. అమ్మాయి ఏడుస్తుంది. పక్కన ఉండండి. తర్వాత ప్రశ్నలు అడుగుతుంది. తెలియనివి రాసుకుని వచ్చేసారి డాక్టరును అడుగుదామని చెప్పండి.

మీ ఇంట్లో ఇలాంటి పాప లేకపోవచ్చు. పక్కింట్లోనో, మీరు పాఠం చెప్పే తరగతిలోనో, అంగన్‌వాడీలోనో ప్రార్థన వరుసలో ఎప్పుడూ ముందు నిలబడే అమ్మాయి ఉండవచ్చు. వాళ్ల అమ్మతో ఒక్క మాట అనండి: "అక్కా, ఒకసారి ఎత్తు కొలిచి డాక్టరుకు చూపించు. పోలిక అయితే సంతోషం. కాకపోతే, ఇప్పుడే తెలియడం మంచిది."